బాపు బుల్లెట్‌కు పాత పార్టులు: ఏది వాడొచ్చు, ఏది వాడొద్దు

పోయిన ఎపిసోడ్‌లో బుల్లెట్ ఇంజిన్ గురించి నేను గబగబా చెప్పుకుంటూ పోయాను. పార్టుల పేర్లు వింటూ రాసుకోవడం కష్టమైందని చాలామంది మెసేజ్ పెట్టారు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. ఊర్లో షెడ్డులో నాయన బండి తుప్పు పడుతుంటే, ఇక్కడి నుంచి పైసలు పంపి బాగు చేయిద్దామనుకునే వాళ్లు మన క్యాంపుల్లో తక్కువేం లేరు.

నేను చెప్పేది పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 గురించి. బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., మొత్తం 346 సీసీ. గేర్‌బాక్స్ ఇంజిన్‌కు వేరుగా ఉంటది. ఆ రకం ఇంజిన్ కంపెనీ ఇప్పుడు చేయట్లేదు. కాబట్టి మనకు దొరికేవి రెండే: బయట చేసిన కొత్త పార్టు, లేకుంటే ఇంకో బండి విప్పి తీసిన పాత పార్టు. చెన్నై పుదుపేట లాంటి చోట్ల పాతవి కుప్పలుగా ఉంటాయి. కొత్తదైతే మంచిదే అనుకోవద్దు. డూప్లికేట్ క్యామ్ మెత్తటి ఇనుముతో వస్తే తొందరగా అరిగిపోతుంది. ముప్పై ఏళ్ల కిందటి కంపెనీ క్యామ్, పళ్లు, ముఖం నున్నగా ఉంటే, ఇంకా చాలా ఏళ్లు నడుస్తుంది. అయితే పాతది ఎలా చూడాలో తెలియాలి. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేసి కూడా మోసపోయినోడినే.

2019లో 45 రోజుల సెలవు మీద పోయిన. బాపు బండి క్రాంక్‌లో టకటక శబ్దం. ఒకాయన దగ్గర ‘నడుస్తున్న బండి నుంచి తీసింది’ అని పాత క్రాంక్ సెట్టు ఆరు వేలకు తెచ్చాం. కనెక్టింగ్ రాడ్ రెండు చేతులతో పట్టి పైకీ కిందికీ గుంజి చూసిన. ఏం లూజు లేదు. కొత్త పిస్టన్ వేసి, బోరు చేయించి బిగించేశాం. బాపును వెనక కూర్చోబెట్టుకొని ధర్మపురి పోయిన. తిరిగి వస్తుంటే ముందు శబ్దం మొదలైంది, ఇంకో రెండు కిలోమీటర్లకు ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం కిర్రుమని ఈడ్చింది. క్లచ్ పట్టుకున్న కాబట్టి పడలేదు. అప్పటికి బాపుకు అరవై ఎనిమిదేళ్లు.

విప్పి చూస్తే ఆయిల్‌లో తళతళ మెరిసే రేకులు. రాడ్ కింది కన్ను కాలి నల్లబడ్డది. కొత్త పిస్టన్ కూడా గీరుకుపోయింది. ఈ ఇంజిన్‌లో రాడ్ కింద ఫ్లోటింగ్ బుష్ ఉంటది. అది బాగా అరిగిపోయింది. అమ్మినాయన దాంట్లో చిక్కటి గ్రీజు కూరి పెట్టిండు. గ్రీజు నిండితే లూజు చేతికి తెలియదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: ఏ పాత పార్టునైనా పెట్రోల్‌తో కడిగి, పొడిగా తుడిచి, ఆ తర్వాతే ఊపి చూడాలి. పక్కలకు కొంచెం ఆడాలి, అది సహజం. పైకి కిందికి మాత్రం టక్‌మనొద్దు.

మా సైట్‌లో స్కాఫోల్డింగ్ కప్లర్లు పాతవే మళ్లీ మళ్లీ వాడతాం. మరలు చూసి, పగులు చూసి, నూనె పెట్టి వాడతాం. అదే క్రేన్‌కు కట్టే బెల్టు స్లింగ్ అంచు తెగితే, ఇంకెవరూ వాడకుండా ముక్కలు కోసి పారేస్తాం. కప్లర్ పాడైతే చూస్తే తెలుస్తది. స్లింగ్ లోపల ఎంత అలిసిపోయిందో కంటికి తెలియదు. నేనిప్పుడు ఇంజిన్ పార్టును కూడా ఆ లెక్కనే చూస్తా.

అందుకే ఈ ఇంజిన్‌లో ఉండే అల్యూమినియం రాడ్ పాతది వేయను, ఎంత నిగనిగలాడినా సరే. వాల్వులు, వాల్వు స్ప్రింగులు కూడా అంతే. వాల్వు తల తెగి పడితే పిస్టన్, హెడ్ రెండూ పోతాయి. బేరింగులు, ఆయిల్ సీల్స్, రింగులు, ప్యాకింగులు, సర్‌క్లిప్పుల గురించి చెప్పేదేముంది, కొత్తవే. ఫ్లైవీల్స్ పాతవి ఉంచి, క్రాంక్ పిన్, బుష్ కొత్తవి వేయించొచ్చు. కానీ బిగించాక డయల్ గేజ్ పెట్టి లైన్ చూసే లేత్ మేస్త్రీ దగ్గరకే పోవాలి. సుత్తితో రెండు దెబ్బలు కొట్టి ‘అయిపోయిందన్నా’ అనే దగ్గర వద్దు.

బోరు పాతది తీసుకోవచ్చు. పైన రింగు తిరిగే చోట ఎక్కువ అరుగుతుంది. అందుకని పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ముందు వెనకలకు ఒకసారి, పక్కలకు ఒకసారి బోర్ గేజ్‌తో కొలవాలి. వెర్నియర్ ఈ పనికి చాలదు. దాంట్లో ఉన్న పాత పిస్టన్ తల మీద ఓవర్‌సైజు నంబరు కొట్టి ఉంటది. 1.00 అని ఉంటే ఇంక కోయడానికి పెద్దగా ఏం మిగలలేదన్నమాట. స్లీవ్ వేయించే ఖర్చు కలుపుకొనే బేరం చేయాలి.

క్రాంక్‌కేస్ రెండు ముక్కలూ జోడీగా తయారవుతాయి. ఒక సగం మాత్రమే కొంటే బేరింగు గూళ్లు ఎదురెదురుగా కుదరవు. హెడ్‌లో రాకర్ దిమ్మెల పై ముక్క, కింది ముక్క కూడా జోడీలే. విప్పగానే తీగతో కట్టి పెట్టండి. పగుళ్లకు మేం వెల్డింగు చెక్ చేసే ఎర్ర మందు, తెల్ల మందు బాగా పనికొస్తాయి. ఊర్లో అవి దొరక్కపోతే కిరోసిన్‌లో నానబెట్టి, తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే గీత తడిగా బయటపడ్తది.

ఆయిల్ పంపు డిస్కులు గీతలు పడితే పారేయకండి. అద్దం మీద సన్నటి పేస్టు వేసి రుద్దితే మళ్లీ కూర్చుంటాయి. పంపును తిప్పే వర్మ్ నట్టుకు ఎడమ మరలు ఉంటాయి. తెలియక మామూలు నట్టులా తిప్పితే విరుగుతుంది. మా మెకానిక్ తమ్ముడు అట్లనే ఒకటి విరగ్గొట్టిండు.

ఇక ఇనుము కంటే పెద్ద తలనొప్పి నంబరు. ఇంజిన్ నంబరు ఉండేది క్రాంక్‌కేస్ మీదే. ‘హాఫ్ ఇంజిన్ చవకగా ఉంది బావా’ అని బామ్మర్ది ఫోన్ చేస్తే ముందు అడగాల్సింది ధర కాదు, కాగితాలు. వేరే నంబరు కేసు వేస్తే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకొని ఆర్‌సీలో ఎక్కించాలి. లేకుంటే పదిహేనేళ్లు దాటిన బండిని రెన్యువల్‌కు తీసుకుపోయినప్పుడు దొరికిపోతాం. అది దొంగబండిదైతే పోలీస్ స్టేషన్‌కు తిరిగేది మనం కాదు, ఇంటి దగ్గర ఉన్న ముసలాయన. నంబరు గీకి ఉన్నా, మళ్లీ కొట్టినట్టు ఉన్నా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మీ కేసు పగిలితే, మంచి అల్యూమినియం వెల్డర్ దగ్గర దాన్నే బాగు చేయించే దారి ముందు చూడండి.

దూరం నుంచి కొనేటప్పుడు నేను వాట్సాప్‌లో మూడు అడుగుతా: కడగకముందు వీడియో, కడిగిన తర్వాత వీడియో, గేజ్ పెట్టినప్పుడు రీడింగు కనపడేలా ఫొటో. కడగడానికి ఒప్పుకోని ఆయనతో బేరం అక్కడితో బంద్. దుబాయ్‌లో ఒక బోర్ గేజ్, ఒక మైక్రోమీటర్ కొని, పోయిన సెలవుకు చెక్-ఇన్ సామానులో పెట్టుకొని పోయి బామ్మర్దికి ఇచ్చిన. మొదటి నెల తప్పులే కొలిచిండు. ఇప్పుడు మా ఊరి మెకానిక్‌లు ఆయన్ని పిలిచి కొలిపిస్తున్నారు.

బాపు బండి ఇప్పుడు నడుస్తుంది. కేసు, క్యాములు, ఫ్లైవీల్స్ పాతవే. రాడ్, బుష్, బేరింగులు కొత్తవి. కానీ బాపు ఇంకా వెనక కూర్చోనంటున్నాడు.