పసిబిడ్డలతో వేసవి ప్రయాణము

వేసవి సెలవులు వచ్చినతోడనే ప్రతి గృహమునందును ప్రయాణపు మాట పుట్టుచుండును. పురుషులు దూరమును లెక్కింతురు. పెద్దలు పుణ్యమును లెక్కింతురు. బిడ్డలు కిటికీ ప్రక్కచోటునకై తగవులాడుదురు. నీరు, ఆహారము, నిద్ర, వడదెబ్బ అను నాలుగింటి చింతయు తల్లికే మిగులును. కావున ఎప్పుడు బయలుదేరవలెను, ఎక్కడ ఆగవలెను అని నిర్ణయించునపుడు తల్లి మాట మొదట వినబడవలెను. బిడ్డ సొమ్మసిల్లిన పిదప “నేనప్పుడే యనుకొంటిని” అనుటవలన ప్రయోజనమేమి?

మన కర్నూలు సీమ వేసవి ఎట్టిదో మీరెరుగుదురు. కోడుమూరి చెంతనున్న హంద్రి వేసవిలో ఇసుకదారియై పోవును. మే మాసమున ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. అయినను ఇంతటి కరవు సీమయందే చల్లని నీటితావులు కలవు. వానిని గుర్తెరిగి ప్రయాణమును కూర్చుకొనుటయే వివేకము.

మహానంది యాత్రను గైకొందము. తెల్లవారుజామున నాలుగు గంటలకు కోడుమూరు విడిచినచో, కర్నూలు, ఓర్వకల్లు, నంద్యాల మీదుగా ఎండ ముదరకముందే క్షేత్రము చేరవచ్చును. కర్నూలునుండి నంద్యాలకు సుమారు 70 కిలోమీటర్లు. అచటనుండి మహానందికి సుమారు 15. నల్లమల పాదమున ఊటనీరు ఎడతెగక పారి కోనేరులను నింపుచుండును. ఆ జలము అడుగున పడిన నాణెము కనబడునంత తేటయైనది. పిమ్మట అదియే పొలములకు పారి అరటితోటలను పెంచుచున్నది. హంద్రి ఇసుకను మాత్రమే చూచిన బిడ్డలకు ఇది గొప్ప పాఠము. అయితే పెద్దల రొమ్ములోతు నీరు బిడ్డకు తలమునుక. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పెద్దచేయి ఉండవలెను.

మరునాడు ప్రొద్దుటనే పాణ్యము, బనగానపల్లె మీదుగా యాగంటి చేరవచ్చును. అచటను కొండనుండి వచ్చు నీటితో కోనేరు నిండియుండును. దేశమంతట ప్రఖ్యాతిగన్న బంగినపల్లి మామిడికి పేరిచ్చిన ఊరు బనగానపల్లెయే యని బిడ్డలకు చెప్పి, చెరియొక పండును చేతికిండు.

బెలుము గుహలను చూడవలెనని పలువురికి కోరిక. 1884లో రాబర్టు బ్రూస్ ఫూటు అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని పేర్కొనెను. వీని పొడవు 3,229 మీటర్లు. అందు సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే చూపరులకు తెరువబడినది. గుహ కదా, చల్లగా నుండునని తలపకుడు. లోపల మిక్కిలి ఉక్క. నడవగల పిల్లలకు అది వింత, చంకబిడ్డకు శిక్ష. చంటిబిడ్డ కలవారు చలికాలమునకు దానిని వాయిదా వేసికొనుట మేలు.

ఇక సామగ్రి. జొన్నరొట్టెలు, వేరుశనగపొడి రెండుదినములు చెడవు. పెరుగన్నమును పాలతో కలిపి, కొలదిగా పెరుగు తోడువేసినచో మధ్యాహ్నమునకు పులియదు. కాచి చల్లార్చిన నీరు తలకు రెండు లీటర్లకు తక్కువ కాకుండ నుంచుడు. వాంతులు, విరేచనములు కలిగినచో లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రావింపుడు. చెంచా చిన్నది, తలకట్టుగా కొలిచినది కావలెను. ఆరునెలలు నిండని శిశువునకు ఎంత ఎండలోనైనను తల్లిపాలే చాలును. మాటిమాటికి పాలిచ్చుటకు బండి నాపింపుడు. అందుకు సిగ్గుపడ నక్కరలేదు.

బండి అద్దెదైనచో నడుపువాడు ముందురాత్రి చక్కగా నిద్రించునట్లు చూడుడు. ముందు సీటున తండ్రి యొడిలో బిడ్డను కూర్చుండబెట్టుట ముద్దుగా దోచును గాని, ఒక్కసారి బ్రేకు వేసినచో ఆ చేతులు బిడ్డను ఆపజాలవు. 2019 నాటి చట్టసవరణ ప్రకారము 14 ఏండ్లలోపు బిడ్డలకు బెల్టు గాని తగిన పీఠము గాని విధిగా నుండవలెను. నిద్రించు బిడ్డను మూసిన బండిలో విడిచి దర్శనమునకు పోవుట మహాప్రమాదము. ఎండలో నిలిపిన బండి పదినిమిషములలోనే సుమారు పది డిగ్రీలు వేడెక్కును. పసివాని దేహము పెద్దలకంటె త్వరగా కాగును.

ఏడ్చినను కన్నీరు రాకుండుట, చాలసేపు మూత్రము లేకుండుట, ఒడలు కాలుచు మగతగా నుండుట కనబడినచో నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుచు, 108కి కబురంపి ఆస్పత్రికి తీసికొనిపొండు.

నాలుగు క్షేత్రములు చూడకపోయిన లోపమేమియు లేదు. ఒక్క కోనేటిలో బిడ్డలు తనివితీర ఆడి, ఆరోగ్యముతో ఇల్లు చేరినచో ఆ యాత్ర సఫలమే. ఇంటిలో అందరికంటె చిన్నవాని ఓపికయే మన ప్రయాణమునకు కొలత. ఆ కొలతను ముందుగా చెప్పుట తల్లికి తగును. దానిని మన్నించుట ఇంటివారికి తగును.