కూడలి విమానాశ్రయంలో టిక్కెట్టు ధర ఎందుకు పెరుగుతుంది?

రైళ్లకు గుంతకల్లు ఎటువంటిదో, విమానాలకు కూడలి విమానాశ్రయం అటువంటిది. ఒక విమాన సంస్థ పలు ఊళ్ల ప్రయాణికులను అక్కడికి చేర్చి, విమానం మార్పించి, వారి వారి గమ్యాలకు పంపుతుంది. విమానాలు అన్ని ఉన్నచోట టిక్కెట్టు చౌకగా దొరకాలని ఎవరైనా భావిస్తారు. తరచుగా జరిగేది ఇందుకు విరుద్ధం. విమానాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, అవి ఎన్ని సంస్థలవి అన్నదే ముఖ్యం.

అమెరికాలోని సిన్సినాటి ఇందుకు చక్కని ఉదాహరణ. అదీ సరిహద్దు ఊరే. నగరం ఒహాయో రాష్ట్రంలో ఉండగా, దాని విమానాశ్రయం నదికి ఆవలి ఒడ్డున కెంటకీ రాష్ట్రంలో ఉంది. డెల్టా సంస్థ దానిని తన కూడలిగా చేసుకుంది. 2005లో అక్కడినుండి రోజుకు 600కు పైగా విమానాలు బయలుదేరేవి. వాటిలో అత్యధికం డెల్టావి, దాని అనుబంధ సంస్థలవి. అయినప్పటికీ ఆ దేశంలో ధరలు మిక్కిలి ఎక్కువగా ఉన్న విమానాశ్రయాలలో అదొకటి. నగరవాసులు అనేకులు కారులో డేటన్‌కో, లూయీవిల్‌కో, ఇండియానాపొలిస్‌కో పోయి విమానమెక్కేవారు.

దీనికి కారణమేమి? దూరపు ఊరినుండి వచ్చి విమానం మారే ప్రయాణికునికి షికాగో మీదుగానో, మరో నగరం మీదుగానో వేరొక సంస్థలో పోయే వీలుంది. అతనిని నిలుపుకొనడానికి ధర తగ్గించక తప్పదు. ఆ ఊరివానికి మాత్రం నేరుగా పోయే విమానం చాలా మార్గాలలో ఒక్క సంస్థదే. ఒకే అంగడి ఉన్న ఊరిలో బేరం సాగదు కదా! పోటీదారు రాదలచినా అనువైన వేళలు, ద్వారాలు దొరకడం కష్టం. వచ్చినా, పాత సంస్థ ఆ ఒక్క మార్గంలో ధర తగ్గించి నిలువనీయకపోవచ్చు.

డెల్టా 2008లో నార్త్‌వెస్ట్ సంస్థను విలీనం చేసుకున్న పిదప సిన్సినాటిలో విమానాలను బాగా తగ్గించింది. 2013లో ఫ్రాంటియర్, 2014లో అలీజియంట్, 2017లో సౌత్‌వెస్ట్ అక్కడ అడుగుపెట్టాయి. ధరలు గణనీయంగా దిగివచ్చాయి. అయితే నష్టమూ లేకపోలేదు. నేరుగా పోగలిగిన ఊళ్లు తగ్గాయి, కూడలిని నమ్ముకున్న ఉద్యోగాలూ పోయాయి.

మన దేశంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2003లో బెంగళూరు కేంద్రంగా ఎయిర్ డెక్కన్ చౌక టిక్కెట్లతో రాగా, తక్కిన సంస్థలూ ధరలు తగ్గించవలసి వచ్చింది. తరువాత 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ నిలిచిపోయాయి. 2024లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. 2025 నాటికి దేశీయ ప్రయాణికులలో నూటికి 60 మందికి పైగా ఇండిగో విమానాలలోనే పయనించారు. ఆ ఏడాది డిసెంబరులో ఆ సంస్థ విమానాలు వేలాదిగా రద్దు కాగా, మిగిలిన సంస్థల టిక్కెట్లు ఆకాశాన్నంటాయి. కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని, 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు మించరాదని తాత్కాలికంగా పరిమితి విధించవలసి వచ్చింది.

సరిహద్దు కుటుంబాలకు ఇందులో ఒక అనుకూలత ఉన్నది. హోసూరు, కోలారు వాసులకు బెంగళూరుతో పాటు చెన్నై, బరంపురం వాసులకు భువనేశ్వర్‌తో పాటు విశాఖ, యానాం వాసులకు రాజమండ్రితో పాటు విశాఖ అందుబాటులో ఉన్నాయి. పిల్లలను దూరదేశానికి పంపేటప్పుడు, దగ్గరి విమానాశ్రయం ధరనే చూసి డబ్బు కట్టరాదు. తాము పోదలచిన మార్గంలో ఎన్ని సంస్థలు నడుపుతున్నాయో రెండుచోట్లా చూడాలి. ఆపైన బస్సు ఖర్చు, సామాను రుసుము, రాత్రి బస కలిపి లెక్కకట్టాలి. రెండు వేలు ఆదా చేయబోయి మూడు వేలు దారిఖర్చు పెడితే లాభమేమి? లెక్క సరిపోయినప్పుడు మాత్రం, పొరుగు రాష్ట్రపు విమానాశ్రయమే మేలు.