గుదడీ కుట్టిన చేతులు

ఉర్దూలో "గుదడీ కా లాల్" అనే పలుకుబడి ఉన్నది. గుదడీ అనగా పాత గుడ్డల బొంత. లాల్ అనగా కెంపు. పేదయింట పుట్టి ప్రతిభ చూపిన బిడ్డను అలా పిలుస్తారు. ఇదే భావాన్ని తెలుగువారు "మట్టిలో మాణిక్యం" అంటారు. రెండు నుడికారాలూ మన విద్యార్థులకు సుపరిచితములే. అయితే ఉర్దూ పలుకుబడిలో ఒక విశేషమున్నది. మట్టి తనంతట తానే ఉన్నది. బొంత మాత్రం ఎవరో ఒకరు కుడితేనే ఏర్పడుతుంది. కెంపును పొగడేవారు బొంత కుట్టిన చేతులను గూర్చి అడగరు. ఆ చేతుల పనిని కొంత వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశము.

బొంతను గూర్చి చెప్పుకొనుటకు మన ప్రాంతం తగినది. ఆదోని పత్తి వ్యాపారానికి ప్రసిద్ధి. ఎమ్మిగనూరు చేనేతకు పేరు పొందినది. అక్కడ 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఆ పత్తిని ఏకి పరుపులు, రజాయిలు కుట్టుట దూదేకుల వారి పరంపరాగత వృత్తి. రజాయిలో ఏకిన దూదిని నింపుతారు. బొంతలో దూది ఉండదు. ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డలనే పొరలుగా పేర్చి కుడతారు. పొరుగున కన్నడిగుల కౌది, వంగదేశపు కాంథా ఈ కోవకు చెందినవే. వంగకవి జసీముద్దీన్ 1929లో వెలువరించిన కథాకావ్యం పేరులోనే కాంథా ఉన్నది.

గత వేసవిలో మా చెల్లెలు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినది. పుట్టబోయే బిడ్డకు మా అమ్మ తన పాత కాలి మిషను మీద బొంత కుట్టినది. సెలవులలో ఉన్నందున ఆ పనిని మొదటి నుండి చివరి వరకు చూసే అవకాశం నాకు లభించినది.

మొదటి పని గుడ్డను ఎన్నుకొనుట. అమ్మ పెట్టెలోని చీరలను ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య నలిపి చూసి, పాలియెస్టర్ చీరలన్నింటినీ పక్కన పెట్టినది. దీనికి శాస్త్రకారణమున్నది. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టుకొనగలదు; పాలియెస్టర్ అర శాతమైనా పట్టుకొనలేదు. పసిబిడ్డ తడిపే బొంతకు నూలే తగినది. చివరకు పైపొరకు ఎమ్మిగనూరు నేత చీర, లోపల నాన్నగారి రెండు లుంగీలు, అడుగున తెల్లని దుప్పటి ముక్క కుదిరినవి. అన్నింటినీ వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరబెట్టి, 36 అంగుళాల పొడవు, 27 అంగుళాల వెడల్పు చొప్పున కత్తిరించినది.

ఇక కుట్టుట. నాలుగు పొరలను మిషను మీద పెట్టి తొక్కితే చాలునని నేను అనుకొన్నాను. అది పొరపాటు. మిషనులో గుడ్డ కింద ఉండే పళ్లు అడుగు పొరను ముందుకు లాగుతాయి. పైనుండి అదిమే పాదం పైపొరను వెనుకకు పట్టి ఉంచుతుంది. అందుచేత పొరలు జరిగి, చివరకు పైగుడ్డ ముడతలు పడుతుంది. దీనిని నివారించుటకు ముందుగా పొరలన్నింటినీ చేతితో పెద్ద పెద్ద టాకాలు వేసి కలపవలెను. పాదం మీది మరను కొంచెం వదులు చేసి, లావు గుడ్డకు తగిన 16వ నంబరు సూది తొడగవలెను. అంగుళానికి ఏడెనిమిది కుట్లు పడేటట్లు కుట్టును సాగదీయవలెను. మొదటి వరుసను నడిమధ్యన వేసి, అక్కడి నుండి అంచుల వైపు పోవలెను. నేను ఒక వరుస ప్రయత్నించబోగా అమ్మ వారించినది: "గుంజొద్దు నాయనా, మిషనే తీసుకొని పోతాది. నువ్వు దారి చూపిస్తే చాలు."

వరుసకు వరుసకు నడుమ రెండంగుళాలు విడిచిన, 27 అంగుళాల వెడల్పులో 13 వరుసలు పడతాయి. ఒక్కొక్కటి 36 అంగుళాలు. మొత్తం 468 అంగుళాలు. అంగుళానికి ఎనిమిది చొప్పున 3,744 కుట్లు. అంచుపట్టీ ఇందులో చేరలేదు. ఎడతెగకుండా కూర్చుంటే ఒక పూట పని. అమ్మకు పదకొండు రోజులు పట్టినది. ఏలననగా ఆ పూట ఆమెకు ఎన్నడూ ఒకేచోట దొరకలేదు. కొళాయి నీళ్లు వచ్చినవి. కుక్కరు కూత వేసినది. నమాజు వేళ అయినది. పొరుగింటి ఆమె జాకెట్టు తొందరగా కావాలన్నది. లేచిన ప్రతిసారీ అమ్మ సూదిని గుడ్డలోకి దించి లేచేది. సూది దిగి ఉంటే పొరలు కదలవు. తిరిగి వచ్చినప్పుడు కుట్టు ఆగినచోటనే సాగుతుంది.

బొంత సగమైన వేళ చెల్లెలు వైద్యురాలి మాట తెచ్చినది. ఏడాది లోపు బిడ్డ నిద్రించునప్పుడు వదులుగా ఉండే బొంతలు, దిండ్లు దగ్గర ఉంచరాదని, ముఖం మీద పడితే ఊపిరాడదని శిశువైద్యులు నేడు హెచ్చరిస్తున్నారు. అమ్మ కొంతసేపు మౌనంగా ఉన్నది. పిమ్మట "మేలుకొని ఆడుకొనేటప్పుడు చాప మీద పరుద్దాం" అని మళ్లీ మిషను తొక్కినది. చివరి రోజున టాకాలన్నీ విప్పి, గుండుసూది ఏదైనా మిగిలినదేమోనని బొంతనంతా అరచేతితో తడిమి చూసినది.

యంత్రాలను విమర్శించిన గాంధీజీ 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషనుకు మినహాయింపునిచ్చారు. భార్య పడే కుట్టు శ్రమను చూసి సింగర్ దానిని కనిపెట్టాడని ఆయన భావించారు. నిజానికి సింగర్ పేటెంటు 1851 నాటిది. 1846లోనే ఎలియాస్ హోవ్ రెండు దారాల మిషనుకు పేటెంటు పొందాడు. ఎవరు కనిపెట్టినా, ఆ యంత్రం చేతి శ్రమను తగ్గించినది గాని, దానిని నడిపే తెలివిని అనవసరం చేయలేదు. గుడ్డ గుణం, పొరల నడక, లెక్క, ఓర్పు, ఇవన్నీ విద్యలే.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకొనవలెను. నేను ఎం.ఏ. చదివిన రెండేళ్లూ నా వసతిగృహపు రుసుము ఆ మిషను మీద వచ్చిన డబ్బుతోనే కట్టబడినది. అయినను ప్రవేశపత్రంలో "తల్లి వృత్తి" అనే గడిలో నేను నా స్వహస్తంతో "ఏమీ లేదు" అని వ్రాశాను. ఇప్పుడు మన కళాశాలలో ప్రవేశపత్రాలు పరిశీలించేటప్పుడు అదే గడిలో అవే రెండు మాటలు పత్రం తర్వాత పత్రంలో కనబడుతున్నవి.

విద్యార్థినీ విద్యార్థులారా, వచ్చే సంవత్సరం ఆ గడి నింపే ముందు ఒకసారి ఇంటికి వెళ్లి చూడండి. మిషను ఉంటే మిషను అని, బీడీలైతే బీడీలని, పొలమైతే పొలమని వ్రాయండి. కళాశాల సంఘపు పెద్దలు కూడా ఆ గడిని శ్రద్ధగా చదువుదురని నా మనవి. అందులో మనము ఇంతవరకు గుర్తించని పోషకుల జాబితా ఉన్నది.