ఎర్ర గీత ఉన్న మాత్రలు

జలుబు, ఫ్లూ జ్వరం వైరస్‌ల వల్ల కలుగుతాయి. యాంటీబయాటిక్‌లు బాక్టీరియాపైనే పనిచేస్తాయి. అయినప్పటికీ సరిహద్దు గ్రామాలలో ఒళ్ళు వెచ్చబడగానే రెండు పూటలకు అమాక్సిసిలిన్ అడిగి కొనుక్కోవడం పరిపాటి. ఇలా అనవసరంగా వాడినప్పుడల్లా దేహంలోని బాక్టీరియాలో మందుకు లొంగనివి మిగిలి వృద్ధి చెందుతాయి. అవి ఇంటిల్లిపాదికీ వ్యాపించగలవు. రేపు పసిబిడ్డకు నిజంగానే న్యుమోనియా సోకితే ఆ మందు పనిచేయకపోవచ్చు. పిల్లల నీళ్ళ విరేచనాలకు సైతం ముందుగా కావలసినవి ఓ.ఆర్.ఎస్. ద్రావణం, 14 రోజుల జింకు మాత్రలు; రక్తం పడితే మాత్రం వైద్యుని వద్దకు వెళ్ళవలసిందే.

హోసూరులో తమిళం, బళ్ళారిలో కన్నడం, రాయగడలో ఒడియా. మందు పేరేమో ఆంగ్లం! ఏ భాషా అక్కరలేని గుర్తు ఒకటున్నది: మాత్రల అట్టపై నిలువు ఎర్ర గీత. 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ దీనిపై ప్రచారం చేపట్టింది. ఆ గీత ఉన్న మందును వైద్యుని చీటీ లేనిదే కొనరాదు, మిగిలినవి పొరుగువారికి ఇవ్వరాదు.