ఒక గేమ్, రెండు లాంచర్లు: ప్లే నొక్కితే ఏమీ జరగట్లేదా?

ఈ ఎపిసోడ్ మా బాబాయ్ కొడుకు వల్ల వచ్చింది. వాడు కరీంనగర్‌లో డిప్లొమా చేస్తున్నాడు. సంక్రాంతి సెలవులకి మా ఇంటికి వచ్చి, దాచుకున్న డబ్బులతో సేల్‌లో ఒక గేమ్ కొన్నాడు. మా డెస్క్‌టాప్‌లోనే పెట్టుకుని రెండు రోజులు నిద్ర లేకుండా ఆడాడు. ఇంటికెళ్ళి తన ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేస్తే "ఈ గేమ్ మీ అకౌంట్‌లో లేదు" అని వచ్చింది. వెంటనే ఫోన్. "అన్నా, డబ్బులు నావి, గేమ్ నాది కాదంటోంది ఏంటి?" స్టోర్ పేరు, కంపెనీ పేరు అనవసరం, ఎందుకంటే తప్పు నాది. ఎలాగో కాసేపట్లో చెప్తాను.

అసలు రెండు లాంచర్లు ఎందుకొచ్చాయి? స్టీమ్ 2003లో వచ్చింది. తర్వాత పెద్ద పబ్లిషర్లు ఎవరి దుకాణం వాళ్ళు తెరిచారు. యూబీసాఫ్ట్ 2009లో యూప్లే తెచ్చింది, 2020లో దాని పేరే యూబీసాఫ్ట్ కనెక్ట్ అయింది. ఈఏ 2011లో ఆరిజిన్ పెట్టింది, ఇప్పుడు దాని చోట ఈఏ యాప్ ఉంది. ఈ ఇద్దరూ కొన్నేళ్ళు కొత్త గేమ్స్‌ని స్టీమ్‌కి ఇవ్వలేదు. 2019 నవంబర్‌లో జెడై ఫాలెన్ ఆర్డర్‌తో ఈఏ, 2022 డిసెంబర్‌లో అసాసిన్స్ క్రీడ్ వల్హల్లాతో యూబీసాఫ్ట్ తిరిగొచ్చాయి. వస్తూ వస్తూ తమ లాంచర్‌ని కూడా చంకలో పెట్టుకొచ్చాయి.

ఇప్పుడు మీరు స్టీమ్‌లో ప్లే నొక్కితే జరిగేది ఇది. గేమ్ ఫైల్స్ దింపింది స్టీమ్. మీరు కొన్నారని తెలిసిందీ స్టీమ్‌కే. కానీ లోపలికి పంపాలా వద్దా అని చూసేది రెండో లాంచర్. స్టీమ్ దాన్ని లేపుతుంది, అది మీ అకౌంట్ చూస్తుంది, లైసెన్స్ ఉంటే గేమ్ మొదలుపెడుతుంది. గొడవంతా ఈ చేతులు మారే చోటే. కాబట్టి దయచేసి, ఎర్రర్ రాగానే గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. అరవై, డెబ్భై జీబీ మళ్ళీ దింపినా అదే ఎర్రర్ వస్తుంది. గేమ్ ఫైల్స్‌లో తప్పుంటే కదా!

మొదట అసలు లేవకపోవడం. ఈఏ గేమ్స్‌లో ఇది బాగా కనిపిస్తుంది. ప్లే నొక్కగానే, లింక్‌2ఈఏ లింక్ తెరవడానికి కొత్త యాప్ కావాలని విండోస్ ఒక బాక్స్ చూపిస్తుంది. వైరస్ అనుకుని కంగారు పడేవాళ్ళు కూడా ఉన్నారు. విషయం చిన్నదే. వెబ్ లింక్ నొక్కితే బ్రౌజర్ తెరుచుకున్నట్టు, స్టీమ్ ఇక్కడ ఒక లింక్ పిలుస్తుంది, దాన్ని అందుకోవాల్సింది ఈఏ యాప్. యాప్ సగం ఇన్‌స్టాల్ అయినా, పాత ఆరిజిన్ ముక్కలు మిగిలిపోయినా, ఆ లింక్ ఎవరిదో విండోస్‌కి తెలియదు. పాత ఆరిజిన్ ఉంటే తీసేయండి. ఈఏ సైట్ నుంచి యాప్ దింపి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి, సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. తర్వాత ముందు ఈఏ యాప్ తెరిచి లాగిన్ అయ్యి, అప్పుడు స్టీమ్‌లో ప్లే నొక్కండి. ఈ వరుస ముఖ్యం.

రెండోది, ఒకటి అడ్మిన్‌గా, ఇంకోటి మామూలుగా నడవడం. ఎవరో ఎప్పుడో చెప్పారని స్టీమ్‌కి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ టిక్ పెట్టేస్తాం, ఆ సంగతి మర్చిపోతాం. విస్టా కాలం నుంచీ విండోస్ ఒక గోడ కట్టింది: మామూలుగా నడిచే ప్రోగ్రామ్, అడ్మిన్‌గా నడిచే ప్రోగ్రామ్ విండోకి మెసేజ్ పంపలేదు. ఒకటి పిలుస్తుంది, ఇంకోదానికి వినబడదు. రెండింటికీ ఆ టిక్ తీసేయండి. ఐదేళ్ళు కోడ్ రాసిన అనుభవంతో చెప్తున్నా, అడ్మిన్ అనేది మందు కాదు, దాన్ని అన్నిటికీ వేయకూడదు.

గేమ్ వచ్చి నల్ల స్క్రీన్ దగ్గర ఆగితే ఓవర్‌లేలు చూడండి. షిఫ్ట్ ట్యాబ్ నొక్కితే వచ్చేది స్టీమ్‌ది, షిఫ్ట్ ఎఫ్‌2 యూబీసాఫ్ట్‌ది. ఇద్దరూ ఒకే ఫ్రేమ్ మీద బొమ్మ గీయాలని చూస్తారు. రెండో లాంచర్‌ది ఆపండి, స్టీమ్‌ది ఉంచండి, ఎందుకంటే కంట్రోలర్‌ని స్టీమ్ ఇన్‌పుట్ ద్వారా వాడేవాళ్ళకి స్టీమ్ ఓవర్‌లే కావాలి.

ఇంకోటి, డబ్బుల విషయం. గేమ్ మూసేసినా రెండో లాంచర్ వెనకాల నడుస్తుంటే, స్టీమ్‌లో ఒక్కోసారి "రన్నింగ్" అనే ఉంటుంది, ఆడిన టైమ్ పెరుగుతూనే ఉంటుంది. స్టీమ్ రీఫండ్ రూల్ ఏంటి? కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడింది 2 గంటలు దాటకూడదు. మీరు ఎర్రర్‌తో కుస్తీ పడుతూ లాంచర్ తెరిచిపెట్టి భోజనానికి వెళ్తే, ఆ టైమ్ కూడా ఇందులోనే కలిసిపోవచ్చు. అందుకే ప్రతిసారీ కింద ట్రేలోకి వెళ్ళి లాంచర్‌ని పూర్తిగా మూసేయండి.

రెండో లాంచర్ శాశ్వతమని కూడా అనుకోవద్దు. జీటీఏ 4 చూడండి. అది మైక్రోసాఫ్ట్ వాళ్ళ గేమ్స్ ఫర్ విండోస్ లైవ్ మీద ఆధారపడింది. ఆ సర్వీస్‌కి సపోర్ట్ ఆగిపోయాక కొత్త కీలు పుట్టించే దారి లేక, 2020 జనవరిలో స్టీమ్‌లో అమ్మకమే ఆగింది. మార్చిలో ఆ లైవ్ తీసేసి మళ్ళీ ఇచ్చారు, కానీ మల్టీప్లేయర్ పోయింది.

సరే, మా వాడి సంగతి. మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు మా డెస్క్‌టాప్‌లో రెండో లాంచర్ నా బీటెక్ రోజుల అకౌంట్‌తో లాగిన్ అయి ఉంది. లింక్ చేయమంటావా అని అడిగితే, పక్కనే ఉన్న నేనే "ఓకే నొక్కురా" అన్నాను. అంతే, వాడు కొన్న గేమ్ లైసెన్స్ నా అకౌంట్‌కి వెళ్ళి కూర్చుంది. ఇలాంటి లింక్‌ని మనమే ఈజీగా విప్పుకోలేం, సపోర్ట్‌కి రాయాలి, కొన్న రసీదు చూపించాలి. అందుకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడే సిస్టమ్ అయితే, గేమ్ తెరవకముందే రెండో లాంచర్‌లో ఎవరి పేరు ఉందో చూడండి, మీది కాకపోతే లాగ్ అవుట్ చేయండి.

సపోర్ట్‌కి రాశాం, జవాబు కోసం చూస్తున్నాం. అప్పటిదాకా వాడు నా అకౌంట్‌తోనే ఆడుతున్నాడు. లాగిన్ కోడ్ నా ఫోన్‌కి వస్తుంది కాబట్టి, రాత్రి పదకొండింటికి "అన్నా, కోడ్" అని మెసేజ్. నిన్న కూడా వచ్చింది.