లీకు పట్టించిన ఫెర్న్!

సైనిక్‌పురిలో మా ఇంటి వెనక గోడ ఏడాదిగా చెమ్మగా ఉంటోంది. ఇద్దరు ప్లంబర్లు వచ్చారు, లీకు ఎక్కడో తేల్చలేకపోయారు. మూడోసారి వచ్చిన పెద్దాయన కుళాయిల జోలికే పోలేదు. గోడ పగుల్లో మొలిచిన మొక్కను చూపించి, ‘పైపు దీని వెనకాలే పోయిందమ్మా’ అన్నాడు. పగలగొట్టి చూస్తే నిజమే!

ఆ మొక్కను ఎవరూ నాటలేదు. దానికి పువ్వు లేదు, కాయ లేదు, విత్తనమూ లేదు. మరెలా వచ్చింది? ఆకు తిప్పి చూశా. అంచుల వెంట గోధుమరంగు గీతలు. వేలితో రాస్తే పొడి. అదంతా సిద్ధబీజాలే... అంటే స్పోర్లు. గాల్లో దుమ్ములా తేలి వచ్చి పగుల్లో పడ్డాయన్నమాట.

దీని పేరు టెరిస్ విట్టాటా. పాత గోడల సున్నమంటే దీనికి భలే ఇష్టం. ఇది నేలలోని ఆర్సెనిక్ విషాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కాబట్టి నోట్లో మాత్రం పెట్టుకోకండి!

లోపలా పైపులే

గోడ మీది నాచుకీ విత్తనాలు ఉండవు. కానీ అది నేలను కరుచుకునే ఉంటుంది. ఫెర్న్ లేచి నిలబడుతుంది. ఎందుకంటే దాని లోపల నీటిని పైకి మోసే దారువు, ఆహారాన్ని పంచే పోషక కణజాలం ఉన్నాయి. సుమారు 43 కోట్ల ఏళ్ల నాటి కుక్సోనియాకి ఆకులే లేవు, ఉన్నవి చిన్న కాడలే. అలాంటి మొక్కల తర్వాత లెపిడోడెండ్రాన్ లాంటివి 30 మీటర్లు దాటి పెరిగాయి. ఐరోపా, అమెరికాల్లోని పాత బొగ్గులో చాలావరకు ఆ అడవులదే. మన సింగరేణి బొగ్గు తర్వాతి కాలానిది, అప్పటికి విత్తన మొక్కలు వచ్చేశాయి.

తీరని దాహం

స్పోర్ మొలిస్తే నేరుగా ఫెర్న్ రాదు. ముందు గోరంత పచ్చటి రేకు వస్తుంది, హార్ట్ సింబల్‌లా. దాని మీద మగకణాలు ఈదుకుంటూ వెళ్లి అండాన్ని చేరాలి. ఈదాలంటే పల్చటి నీటి పొరైనా ఉండాలిగా! విత్తన మొక్కలు పుప్పొడితో ఆ ఇబ్బందిని దాటేశాయి. ఫెర్న్ దాటలేదు. అందుకే మా లీకు దగ్గరే పుట్టింది.

పైపు మార్చేశాం. గోడ ఆరుతోంది. ఇక అక్కడ మరో ఫెర్న్ పుట్టడం కష్టమే. ‘వేళ్లు గోడను తినేస్తాయి, పీకి పారెయ్’ అంది అమ్మ. పీకాను... కానీ పారేయలేదు. కుండీలో పెట్టి బాత్రూం కిటికీలో ఉంచా. ఈ పొద్దున చూస్తే, చుట్ట చుట్టుకున్న కొత్త చిగురొకటి మెల్లగా విప్పుకుంటోంది.