గోదావరి రాయి, మారిషస్ రాయి

మన చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు మీరు చూసే ఉంటారు. చెరకు నాటాలంటే ముందు ఆ రాళ్లు ఏరాలి. ఆ కష్టం చేసినవారిలో మన తాతముత్తాతలూ ఉన్నారు. వారిలో కొందరు గోదావరి ప్రాంతంలోని కోరంగి రేవులో ఓడ ఎక్కారు. అందుకే తెలుగువారిని ఇక్కడ ‘కోరంగి’ అని పిలిచేవారు.

వారు ఏరిన రాయి బసాల్ట్. అగ్నిపర్వతం నుంచి వచ్చిన లావా చల్లబడి ఈ రాయి అవుతుంది. రాజమహేంద్రవరం దగ్గర, గోదావరికి రెండు వైపులా కూడా బసాల్ట్ ఉంది. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో దాన్ని కొట్టి కంకర చేస్తారు. మరి ఈ రెండు రాళ్లకూ చుట్టరికం ఉందా?

కొందరు శాస్త్రజ్ఞులు రాళ్ల వయసు లెక్కిస్తారు. రాతిలోని పొటాషియంలో కొంత భాగం మెల్లగా ఆర్గాన్ వాయువుగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. గోదావరి రాయి వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్లు. మారిషస్‌లో అతి పాత రాయి వయసు సుమారు 90 లక్షల ఏళ్లు.

మరికొందరు రాతిలో ఏ పదార్థం ఎంత ఉందో చూస్తారు. గోదావరి రాయి పడమటి కనుమల్లోని మహాబలేశ్వర్ లావా పొరలతో సరిపోలింది. అక్కడ పొంగిన లావాయే పాత నదీలోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు పారి గోదావరి దాకా వచ్చిందని చాలామంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇంకొందరు సముద్రం అడుగున వెతుకుతారు. 1987లో ఒక పరిశోధన నౌక హిందూ మహాసముద్రం అడుగును తొలిచి రాళ్లు తీసింది. మాల్దీవుల దగ్గరివి సుమారు 5.7 కోట్ల ఏళ్లవి. వాటికి దక్షిణాన, చాగోస్ దగ్గరివి సుమారు 4.9 కోట్ల ఏళ్లవి. మన వైపు వచ్చేకొద్దీ రాళ్ల వయసు తగ్గుతోంది.

ఎందుకు? భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంది. ఆ పలకలు కదులుతాయి. వాటి కింద, లోతున, ఒక వేడి చోటు మాత్రం దాదాపు కదలకుండా ఉంది. దీపం మీదుగా కాగితాన్ని మెల్లగా లాగితే మసి చారలా పడుతుంది కదా, ఇదీ అలాగే. మొదట దక్కన్ లావా, తర్వాత మాల్దీవులు, చాగోస్, చివరికి మారిషస్. ఇప్పుడు ఆ వేడి చోటు రీయూనియన్ కింద ఉంది. అక్కడి పితోన్ ద లా ఫూర్నేజ్ అగ్నిపర్వతం నేటికీ లావా కక్కుతోంది.

అంటే మనవాళ్లు వదిలి వచ్చిన గోదావరి సీమ నల్లరాయీ, ఇక్కడ వంగి ఏరిన నల్లరాయీ ఒకే పొయ్యి నుంచి వచ్చాయి.

ఈసారి తోట పక్కగా వెళ్తే ఒక రాయి చేతిలోకి తీసుకోండి. చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే, అవి లావాలో వాయువు బుడగలు ఉన్న చోట్లు. పిల్లలకు కూడా చూపించండి.